సెలవో కాదో తెలియని శుక్రవారం

గుడ్ ఫ్రైడేకు ముందురోజు, మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు, లాయరు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, మా హరిత కొన్న ఇంటి తాళాలు మంగళవారం దాకా రావని ఎంతో మర్యాదగా చెప్పింది. ఐర్లండులో, శాండీఫోర్డ్ అనే చోట మా అమ్మాయీ అల్లుడూ అద్దెకుంటున్న ఫ్లాట్‌లో, సగం కట్టిన అట్టపెట్టెల మధ్య, చేతిలో టేపు చుట్ట పట్టుకుని నిలబడి ఆ మాట విన్నాను. గృహప్రవేశం ముహూర్తం మర్నాడు పదకొండు నలభైకి. అది దాటితే మూఢం. మూఢం వెళ్ళేసరికి హరితకు ఎనిమిదో నెల వస్తుంది, ఇల్లాలు నిండు నెలలతో ఉంటే మా వైపు గృహప్రవేశం చేయరు. ఇంకొకరి పిల్ల అయితే "ఏం ఫరవాలేదు, కాన్పయ్యాక చూసుకుందాం" అని నేనే సర్దిచెప్పేదాన్ని. కానీ అంతకు ముందు ఏడాది హరితకు ఒకసారి కడుపు నిలవలేదు. లెస్టర్‌లో పెరిగి, పిల్లి ఎదురొస్తే ఆగి దాన్ని నిమిరి వెళ్ళే పిల్ల, అప్పటినుంచి చిన్న శకునానికి కూడా బెదురుతోంది. "పాలు పొంగించకుండా నేను ఆ ఇంట్లో అడుగు పెట్టనమ్మా. సిల్లీ అని నాకు తెలుసు. అయినా పెట్టను," అని ముందే చెప్పేసింది. ఇటు చూస్తే ఈ ఫ్లాట్ లీజు నెలాఖరుకు అయిపోతుంది. ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల ఒక అట్టపెట్టె మీద కూర్చుని, ఏడవకుండా, గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఏడ్చినా బాగుండేది.

తప్పు పూర్తిగా నాది. అదీ ఒకసారి కాదు, ఒకే రోజు గురించి రెండుసార్లు, రెండు వేర్వేరు వైపుల నుంచి తప్పాను. మావారు పోయాక లెస్టర్‌లో ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇరవై ఏళ్ళు ఇంగ్లండులో ఉన్నదాన్ని కనుక, ఇంగ్లీషు మాట్లాడే దేశాలన్నీ ఒకే దుకాణానికి బ్రాంచీలనీ, పైన బోర్డు మారినా లోపల సరుకు అదేననీ నా నమ్మకం. తిరుపతిలో ఉన్న మా పంతులుగారితో ముహూర్తం మాట్లాడింది నేనే. మాట్లాడటం అనకూడదు, బేరమాడాను.

"శుక్రవారం కంటే బుధవారం బలంగా ఉందమ్మా," అన్నాడాయన.

"బలంగా ఉంటే ఉండనీ సామీ. బుధవారం పెడితే ఎవురొస్తారు? అందురూ ఉద్యోగాలోళ్ళు. శుక్రవారం గుడ్ ఫ్రైడే. నాలుగు దినాలు వరసగా సెలవు."

"అవునవును, మాకూ ఇక్కడ సెలవే."

ఇండియాలో సెలవు, ఇంగ్లండులో సెలవు. ఇక వీధికొక చర్చి ఉండి, బస్సులో పోతూ అది కనిపిస్తే గుండెల మీద సిలువ గీసుకునే ముసలివాళ్ళున్న ఐర్లండు సంగతి వేరే అడగాలా? ఎవరినీ అడగలేదు. ఆయన్ని బుధవారం నుంచి శుక్రవారానికి లాగి, గెలిచానని ఆ పూట రెండో కాఫీ కూడా తాగాను. వారం తరువాత పిలుపులు మొదలుపెడితే ఒక్కొక్కరూ ఒకటే మాట. "కంగ్రాట్స్ ఆంటీ, కానీ ఆ రోజు ఆఫీసుంది కదా!" మా అల్లుడు ప్రవీణ్‌ది వరంగల్. నిదానస్తుడు. అతన్ని అడిగాను.

"అవునత్తమ్మా, ఈడ గుడ్ ఫ్రైడే పబ్లిక్ హాలిడే కాదు."

"మరి ఆ మాట ముందే చెప్పుండొచ్చు గదా నాయనా?"

"మీరు పంతులుతోని అంత గట్టిగ మాట్లాడుతుంటే నడుమ నేనేమనాలె? తెలిసే పెట్టిండ్రనుకున్న."

అప్పటినుంచి ఈ సెలవుల సంగతి నాకు పట్టుకుంది. లెస్టర్‌లో నవంబరు ఐదున ప్రతి ఏడూ మంటలు వేసి బాణసంచా కాల్చేవాళ్ళు, ఎప్పుడో వాళ్ళ రాజునూ పార్లమెంటునూ పేల్చేయబోయినవాడు దొరికిపోయాడని. ఇక్కడ ఆ రోజు మామూలు రోజు. ఇంగ్లండు రాజు బతికి బయటపడితే ఐర్లండు వాళ్ళెందుకు టపాసులు కాల్చాలి? వాళ్ళ మంటలు హాలోవీన్‌కే అయిపోతాయి. మార్చి పదిహేడున ఇక్కడ ఊరూరా పచ్చబట్టలూ ఊరేగింపులూ, లెస్టర్‌లో ఆ రోజు నేను పనికి వెళ్ళేదాన్ని. ఆగస్టులో సోమవారం సెలవు ఇంగ్లండు వాళ్ళకు నెల చివర, వీళ్ళకు నెల మొదట. టెక్సస్‌లో ఉన్న మా తమ్ముడు థాంక్స్‌గివింగ్‌కు నవంబరులో ఫోన్ చేస్తాడు, టొరంటోలో ఉన్న పిన్ని కూతురు అదే పండగకు అక్టోబరులోనే చేస్తుంది, చలి ముందొచ్చే చోట పంట ముందే ఇంటికొస్తుంది కనుక. ఇంగ్లండులోనూ ఇక్కడా ఆ పండగ ఊసే లేదు. ఏ సెలవు వెనక చూసినా ఒక గొడవో, ఒక సాధువో, ఒక పంటో ఉంది. గొడవ ఎవరిదో సెలవు వాళ్ళది. భాష ఒకటైనంత మాత్రాన గొడవలు ఒకటి కావు కదా. ఇదంతా నాకు అర్థమైపోయిందని సంబరపడ్డాను. ఆ సంబరమే నా రెండో తప్పు.

కార్లో అనే ఊళ్ళో వాళ్ళు కొన్నది పాత ఇల్లు. వంటింట్లో గోడంత పొడవు చెక్క బీరువా ఉంది, ఇక్కడివాళ్ళు దాన్ని ప్రెస్ అంటారు. ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజే దాని మీద నా కన్ను పడింది. అమ్ముతున్న ఆవిడ దాన్ని మేనకోడలికిస్తానందట. సంతకాలకు ముందు నేను ప్రవీణ్ చేత ఏజెంటుకు ఒకటి తరువాత ఒకటి మూడు ఈమెయిళ్ళు పెట్టించాను. బేరం కుదరకపోతే వెనక్కి తిరిగి నాలుగడుగులు వేయాలి, వెనకనుంచి పిలుస్తారు, అని మా అమ్మ నేర్పిన విద్య. ఈమెయిల్లో నాలుగడుగులు వేయడమంటే రెండు రోజులు జవాబివ్వకపోవడమే. హరిత మొత్తుకుంది, "అమ్మా, ప్లీజ్, ఒక కప్‌బోర్డ్ కోసమా?" అని. ప్రెస్సు దక్కింది కానీ సంతకాలు వెనకబడ్డాయి. బుధవారం ముగియాల్సిన పని గురువారానికి జారింది. నేను ధీమాగానే ఉన్నాను. గురువారం కాకపోతే శుక్రవారం పొద్దున అవుతుంది, అది సెలవు కాదని నేనే కదా కనిపెట్టాను! గురువారం నాలుగింటికి లాయరు ఆఫీసు అమ్మాయి చెప్పింది, బ్యాంకు నుంచి డబ్బు ఇంకా చేరలేదనీ, శుక్రవారం పబ్లిక్ హాలిడే కాని మాట నిజమేననీ, అయినా బ్యాంకులు మాత్రం ఆ రోజు తెరవవనీ. సోమవారం ఎలాగూ ఈస్టరు సెలవు. మేం పిలిచిన చుట్టాలకు సెలవు లేదు, మాకు కావలసిన బ్యాంకుకు ఉంది. ఇంత పొందికగా నష్టపోవడం మా వంశంలో నాకంటే ముందు ఒక్కరికే చేతనైంది. అది మా నాయన.

మాది సత్యవేడు. మా అంగడి గడప దగ్గర నిలబడితే వచ్చేపోయే బస్సుల్లో సగం అరవ బోర్డులవి. అంగట్లో బెల్లం, ఎండుమిరపకాయలు, కిరసనాయిలు, తడిసి ఆరిన గోనెసంచులు కలిసి ఒక వాసన ఉండేది, అది మా జుట్టులో కూడా ఉండేది. బళ్ళో పక్కన కూర్చున్న పిల్ల కళ్ళు మూసుకుని నేనొచ్చానని చెప్పగలిగేది. నాయన ఎప్పుడూ ధర ముందు చెప్పడు. "నువ్వు జెప్పబ్బా, నువ్వేం పరాయోడివా," అని చెవి గోక్కుంటూ కూర్చుంటాడు. అవతలివాడు విసుగెత్తి ఒక మాట అనేదాకా ఆ చెవి గోకడం ఆగదు. లోపల ఇంట్లో రాజ్యం మా అవ్వది, అంటే నాయనమ్మ. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల, అరవోళ్ళ వైపు, ఊత్తుకోట దగ్గర. అందుకే మా ఇంట్లో పండగలన్నీ రెండు రకాలు. దీపావళి అరవోళ్ళకు చతుర్దశి తెల్లవారుజామున, మాకు అమావాస్య సాయంత్రం. కొన్నేళ్ళు రెండూ ఒకే తేదీన కలుస్తాయి, కొన్నేళ్ళు ఒక రోజు తేడా వస్తుంది. తేడా వచ్చిన ఏడు మాకు పంట. అవ్వ నాలుగింటికే లేపి, మిరియాలు వేసి కాచిన నువ్వుల నూనె నెత్తిన దబదబా కొట్టి, సీకాయతో కళ్ళు మండించి, శొంఠి, వాము దంచి బెల్లంతో ఉడికించిన లేహ్యం ముద్ద నోట్లో కుక్కి, "ఇది నా దీపావళి. మీ నాయనది రేపు," అనేది. రెండు రోజులు పిండివంటలు, రెండు రోజులు టపాసులు. అవతలి ఊళ్ళో పిల్లలకూ ఇవతలి ఊళ్ళో పిల్లలకూ దక్కని భోగం అది.

పిల్లలకు భోగమైంది నాయనకు వ్యాపారమైంది. అరవోళ్ళ దీపావళి తెల్లవారి ఎనిమిదింటికల్లా అయిపోతుంది. అక్కడ మిగిలిన టపాసులకు ఇక ఏడాదిదాకా గిరాకీ ఉండదు. నాయన తొమ్మిదింటి బస్సుకు ఊత్తుకోట పోయి, ముదలియారు కొట్లో మిగిలింది సగం ధరకు ఎత్తుకొచ్చి, మర్నాడు మా ఊళ్ళో పూర్తి ధరకు అమ్మేవాడు. నన్నూ తీసుకుపోయేవాడు, ఎందుకంటే ఆడపిల్ల దిగాలుగా మొహం పెడితే ముదలియారు ఇంకో రెండు పెట్టెలు కొసరు వేస్తాడని. నేను దిగాలుగా మొహం పెట్టడంలో ఆరితేరాను. వరసగా రెండేళ్ళు ఇలా తేడా వచ్చింది, రెండేళ్ళూ బాగా మిగిలింది. మూడో ఏడు నాయనకు ఆశ పుట్టింది. దీపావళికి మూడు నెలల ముందు, ఆడి మాసంలోనే పోయి, ఆ దీపావళికి ఎంత మిగిలితే అంతా తానే తీసుకుంటాననీ, కాకపోతే సగం కాదు, పావు ధరకివ్వాలనీ ముదలియారుతో మాట ఖాయం చేసుకొచ్చాడు. ఇంటికొచ్చి గొప్పగా చెబితే అవ్వ రోట్లో పచ్చడి నూరుతూ తలెత్తకుండా అంది.

"పంచాంగం జూసినావా?"

"జూసేదేముండాది? వాళ్ళకొక దినం, మనకొక దినం. రెండేండ్లుగా జూస్తా ఉండాం గదా."

"ఈ ఏడు రెండూ ఒగటే దినంరా. పండగ ఎప్పుడో అంగట్లో కూసోని తేల్చుకుంటే ఎట్లా? ఇంట్లో ఉండేదాన్ని ఒక మాట అడగొద్దా?"

నాయన చెవి గోక్కున్నాడు. ధర చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. మాట ఇచ్చాడు కనుక వెనక్కి పోలేదు. రెండు ఊళ్ళ పండగలూ ఒకే రోజు ముగిసిన మర్నాడు, ఎవరికీ అక్కర్లేని టపాసులు మూడు ఎడ్లబండ్లలో మా ఇంటికొచ్చాయి. అంగట్లో కిరసనాయిలుంది కాబట్టి అక్కడ పెట్టడానికి లేదు, వంటింటి అటక మీదికెక్కించారు. కింద పొయ్యి, పైన టపాసులు. ఆ ఏడాదంతా మా అమ్మ తాలింపు పెట్టినప్పుడల్లా ఆవాలు చిటపటమంటే ఒకసారి పైకి చూసేది. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా, ఎవరు ఏ ఎలక్షన్లో గెలిచినా మా నాయన ముందుగా వెళ్ళి శుభాకాంక్షలు చెప్పేవాడు. వానాకాలంలో సరుకు చెమ్మగిలింది. ఒక పెళ్ళిలో వంద టపాసుల సరం అంటిస్తే పది పేలి తొంభై తుస్సుమన్నాయి. పెళ్ళికూతురి తండ్రి అంగడికొచ్చి, "ఏమయ్యా, నా కూతురి పెండ్లికి దగ్గే టపాసులు అమ్మినావే!" అని అందరిముందూ అడిగాడు. ఇన్నేళ్ళయినా ఆ మాటకు నాకు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వలేదు. నాయన ఆ పూట అన్నం తినకుండా గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నాడు. తప్పు చేసినందుకు కాదు, అవ్వను అడిగి ఉంటే సరిపోయేదని ఇంట్లో అందరికీ తెలిసినందుకు.

అట్టపెట్టెల మధ్య నిలబడి నాకు గుర్తొచ్చింది అదే. ఇంటి సంగతి నేను ఏజెంటును అడిగాను, లాయరును అడిగాను, క్యాలెండర్ను అడిగాను. ఆ ఇంట్లో ఉన్న మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

"ప్రవీణూ, కారు తీ," అన్నాను.

"ఏడికత్తమ్మా?"

"ఆ కార్లో ఊరికి. ఇల్లమ్మే ఆయమ్మ ఇంకా ఆడనే ఉండాదా?"

"ఉన్నది. సామాన్లు కడుతున్నదంట. కానీ గట్ల డైరెక్టుగ పోవద్దత్తమ్మా, లాయర్ల త్రూ..."

"నేను తాళాలడగను. నువ్వు నడుపు."

దారిలో పంతులుగారికి ఫోన్ చేశాను. తిరుపతిలో రాత్రి భోజనానికి కూర్చోబోతున్నాడు. ఇల్లు ఇంకా మా పేరు మీదికి రాలేదు, పాలు పొంగించవచ్చా అని అడిగితే, "మీది కాని ఇంట్లో మీకు గృహప్రవేశం ఎలాగమ్మా?" అన్నాడు.

"అద్దింట్లో చేరినప్పుడు పాలు పొంగించుకోమా సామీ? అద్దిల్లు ఎవురిది?"

"అది వేరు..."

"ఏం వేరు? ఇంటామె సరే అంటే సరిపోలా?"

పక్కనుంచి పంతులుగారి భార్య, చారు చల్లారిపోతోందని కేకేసింది. "యజమాని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలమ్మా. తాంబూలంలో ఒక నాణెం పెట్టి ఆమెకివ్వండి. హోమం మీ పేరు మీదికొచ్చాక చేసుకుందాం," అన్నాడు. ప్రవీణ్ అద్దంలోంచి నన్నొకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

ఇల్లమ్మే ఆమె పేరు నోరా. డెబ్బై దాటినట్టుంది. తలుపు తీసి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ప్రెస్సు కోసం నా ప్రాణం తీసింది నువ్వేనా?" అంది. నేనేనని ఒప్పుకున్నాను. "మా మేనకోడలికి దాన్ని పెట్టుకునే చోటే లేదు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే నేనే ఉచితంగా ఇచ్చేసేదాన్ని," అంటూ లోపలికి రమ్మంది. టీ పోసింది. ఆమె తండ్రిది ఆ ఊళ్ళోనే బట్టలకొట్టట. అది వినగానే నాకు కాస్త ధైర్యం వచ్చింది. వచ్చిన సంగతి చెప్పకముందే ఆమె తన సంగతి మొదలుపెట్టింది. గురువారం ముగియకపోతే శుక్రవారం ఖాళీ చేయమంటారేమోనని వారం నుంచి ఆమెకు నిద్రలేదట.

"గుడ్ ఫ్రైడే రోజు ఇల్లు మారకూడదు. మా అమ్మ ఆ రోజు గోడకు మేకు కూడా కొట్టనిచ్చేది కాదు. తాళాలు మంగళవారమని లాయరు ఫోన్ చేస్తే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది."

మా పంచాంగంలో ఇంట్లో చేరడానికి మంచి రోజు, వాళ్ళ ఆచారంలో ఇల్లు మారడానికే పనికిరాని రోజు. అంత పట్టింపు ఉన్న రోజు సెలవెందుకు కాలేదని అడిగాను.

"సెలవా?" అంది, నేనేదో అనకూడని మాట అన్నట్టు. "సెలవంటే సరదాగా తిరిగే రోజు. అది మాకు ఉపవాసం. మా చిన్నప్పుడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఈ వీధిలో తెరిచిన తలుపు ఉండేది కాదు. మా నాన్న కొట్టు మూసి మమ్మల్ని చర్చికి నడిపించేవాడు. మూసేయమని ఎవరు చెప్పాలి? ఈమధ్య దాకా పబ్బులు కూడా మూసేవాళ్ళు. ఇప్పుడు అన్నీ తెరుస్తారు. బ్యాంకువాళ్ళు ఒక్కరే మిగిలారు, భక్తులు!"

చట్టాలు చదివినవాళ్ళు ఇంకేవో కారణాలు చెప్పవచ్చు. నాకు ఆమె మాట సరిపోయింది. మా సత్యవేడులో కూడా ఏ అంగడి ఎప్పుడు మూస్తారో చెప్పే బోర్డులు ఉండేవి కావు. అమావాస్య రోజు కంసాలి కొలిమి చల్లగా ఉండేది, అంతే. ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఈమధ్య వెళ్ళినప్పుడు చూస్తే ఆ వీధిలో అమావాస్యకు మూసిన కొట్టు ఒక్కటీ లేదు. ఎలాగూ పాటిస్తారులే అని వదిలేసిన ఆచారం మీద ఇంత భరోసా పెట్టుకోకూడదు కాబోలు.

నేను టీ కప్పు కింద పెట్టి అసలు బేరానికొచ్చాను. ధర ముందు చెప్పకూడదన్న మా నాయన పద్ధతి, నాలుగడుగుల మా అమ్మ పద్ధతి రెండూ ఆ పూట నోటికి రాలేదు. హరిత సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కిందటేడు ఏమైందో, ఇప్పుడు ఎన్నో నెలో, ఆ పిల్ల అట్టపెట్టె మీద కూర్చుని గోడకేసి ఎలా చూసిందో. మేం ఇల్లు మారమనీ, ఒక గిన్నె, ఒక లీటరు పాలు తెస్తామనీ, అవి మీ పొయ్యి మీద పొంగాక తిరిగి వెళ్ళిపోతామనీ చెప్పాను. "మంగళవారం దాకా మిమ్మల్ని ఎవరూ కదపరు. అది మాత్రం నా పూచీ," అన్నాను.

నోరా కూడా తన కప్పు కింద పెట్టింది. "పాలు పొంగాలా? అంటే పొయ్యి మీద పడిపోవాలా? కావాలని?"

"కావాలనే."

"పాలు కాచుకోవడం ఇల్లు మారడం కిందికి రాదు," అంది చివరికి, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "మేకులేమీ కొట్టరు కదా?"

"కొట్టం."

"అయితే గ్రాండ్," అంది. ఇక్కడివాళ్ళు సరే అనడానికి అదే మాట. "పదకొండుకు రండి."

శుక్రవారం పొద్దున చిన్న తుంపర. వచ్చినవాళ్ళం ముగ్గురమే. పిలిచినవాళ్ళంతా ఆఫీసుల్లో ఉన్నారు. హరిత పట్టుచీర మీద వానకోటు వేసుకుని గుమ్మం ముందు ఆగిపోయింది. కుడికాలు పెట్టమన్నాను. "అమ్మా, మన తాళం కాదు కదా, లెక్కలోకి వస్తుందా?" అంది. నేను జవాబు చెప్పేలోపే నోరా పెరట్లోంచి మట్టిచేతులతో వచ్చింది, గుడ్ ఫ్రైడేకు నాలుగు బంగాళాదుంపలైనా నాటడం వాళ్ళ ఆనవాయితీ అట. చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుని, హరిత మోచెయ్యి పట్టుకుని, "రా తల్లీ, ఇంటామె రమ్మంటోంది, ఇంకేం కావాలి?" అని లోపలికి తీసుకొచ్చింది. తమలపాకులు, వక్క, ఒక యూరో నాణెం ఆమె చేతిలో పెడితే, ఆకులు తినాలా దాచుకోవాలా అని అడిగింది. కిటికీ దగ్గర ఫోన్లో పంతులుగారు మంత్రాలు మొదలుపెట్టారు. ప్రవీణ్ ఫోన్ పట్టుకుని గడియారం చూస్తున్నాడు.

ఆ ఎలక్ట్రిక్ పొయ్యి ఎంతకీ వేడెక్కదు. పదకొండు ముప్పైరెండు. పాలు కదల్లేదు. పదకొండు ముప్పైఆరు. అంచు దగ్గర ఒక బుడగ. హరిత నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరుగుతుందేమో అనుకున్నాను. "లేస్తున్నయి లేస్తున్నయి," అన్నాడు ప్రవీణ్. పాలు ఒక్కసారిగా తెల్లగా ఉబ్బి, గిన్నె అంచు మీద ఒక క్షణం ఆగి, నాలుగు వైపులా పొయ్యి మీదికి దిగాయి. జుయ్యిమని మాడు వాసన. పొయ్యి కట్టేయడానికి నోరా అలవాటుకొద్దీ ముందుకు దూకింది. ముగ్గురం ఒకేసారి "నో!" అని అరిచాం. ఆమె చేతులు గాల్లోనే ఆపుకుని అలా నిలబడిపోయింది. పాలు పొయ్యి మీదనుంచి నేల మీదికి కారాయి.

హరిత ముందు నవ్వింది. తరువాత గురువారం ఏడవనిదంతా ఏడ్చింది, తరువాత మళ్ళీ నవ్వింది. "అయిపోయిందమ్మా. అయిపోయింది," అంటూ నా భుజం మీద తల పెట్టింది. మా నాయన తన తప్పు కింద ఒక ఏడాది బతికాడు. నాది పంతొమ్మిదిన్నర గంటల్లో తీరిపోయింది, అదీ తలుపు తట్టి అడిగితే. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తల్లిగా నాకు తెలిసిన ఊరటంతా ఆ కుర్చీలో ఉంది.

కాసేపటికి లేచి, పొయ్యి తుడవడానికి సింకు దగ్గరున్న గుడ్డ అందుకున్నాను. నోరా దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు కూర్చో. మంగళవారం నుంచి నీ కూతురు తుడుచుకుంటుంది," అంది, మాడిన పాలను గీకుతూ. "అప్పటిదాకా ఈ ఇల్లు నాది."